పిల్లల్ని వదిలి పీహెచ్‌డీకి వెళ్లనా?

ప్రశ్న

మాది విజయనగరం జిల్లా. పెళ్లయ్యాక అమెరికా వచ్చి, దృష్టి లోపం ఉన్న పిల్లలకు చదువు చెప్పే కోర్సులో మాస్టర్స్ చేశాను. తొమ్మిదేళ్లుగా ఒహాయో రాష్ట్రంలో బడి నుంచి బడికి తిరిగే టీచరుగా పనిచేస్తున్నాను. ఆరు బళ్లు, పద్నాలుగు మంది పిల్లలు. కారు వెనక సీటు నిండా బ్రెయిలర్, బ్రెయిలీ పుస్తకాలు, తెల్లకర్రలే. గ్రీన్ కార్డు వచ్చింది. ఈ మధ్య మా పాత ప్రొఫెసరు ఫోను చేసి పీహెచ్‌డీకి రమ్మన్నారు. దృష్టి లోపం, వినికిడి లోపం, రెండూ కలిసిన బధిరాంధత్వం, ఈ మూడు రంగాల వాళ్లకూ కలిపి శిక్షణ ఇచ్చే ఫెలోషిప్ ఉందట, దానికీ దరఖాస్తు చేయమన్నారు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

నా భయాలు చెబుతాను. ఒకటి, ఈ పిల్లలంటే నాకు ప్రాణం. రెండో తరగతి పాప ఒకతి మొన్న మొదటిసారి డబ్బా మీద 'పాలు' అన్న మాట వేలితో చదివి, నిజమేనా అని మూత తీసి వాసన చూసింది. ఇలాంటివి వదులుకుని ఎక్కడికో పోవడం న్యాయమేనా? రెండు, ఫెలోషిప్ తీసుకుంటే ఒక్కో ఏడాదికి రెండేళ్లు పనిచేయాలనే షరతు ఉందట. బాండు రాసిచ్చినట్టే కదా? మూడు, మావారు 'నీ ఇష్టం' అంటారు గానీ ఆ మాట తర్వాత చాలాసేపు మాట్లాడరు. అత్తగారు మాత్రం '39 ఏళ్లొచ్చాక ఎవరి కోసం ఈ చదువు' అని నేరుగానే అడిగారు. మా పిల్లలకు తొమ్మిదేళ్లు, ఆరేళ్లు. నాలుగు, నాది చూపు రంగం, సైగ ఒక్కటి కూడా రాదు. బధిరుల విద్య వాళ్లతో నాలుగేళ్లు కలిసి కూర్చుని నేనేం నేర్చుకుంటాను? ఎప్పటికైనా మనవైపు వచ్చి పనిచేయాలని కూడా ఉంది.

అందరూ ముద్దొచ్చే పిల్లలేం కాదు లెండి. ఐదో తరగతి అబ్బాయి ఒకడున్నాడు. చదువులో బాగానే ఉంటాడు, కానీ భోజనాల హాల్లో పదిసార్లు పిలిచినా పలకడు. పలికినా నేనున్న వైపు కాకుండా మరో వైపు తిరుగుతాడు. ఒట్టి మొండి. నేను వెళ్లిపోతే వాడితో కొత్త టీచరు ఎలా వేగుతుందో అని అదొక దిగులు.

— ఒక టీచరు, ఒహాయో

సమాధానం

అమ్మా, మీ నాలుగో ప్రశ్నతో మొదలుపెడతాను. ముప్ఫై ఏళ్ల కిందట నేను ఇదే మాటను తిరగేసి అన్నదాన్ని: "నాది వినికిడి రంగం, కళ్ల సంగతి నాకెందుకు?" నా ఆ మాట వల్ల ఒక పిల్లవాడు నష్టపోయాడు.

అప్పుడు నేను కోస్తాలో ఒక బధిరుల ఆశ్రమ పాఠశాలలో కొత్తగా చేరిన టీచరును. పాఠం పెదవుల కదలికతోనే చెప్పాలని నియమం. కబుర్లు, కోపాలు, పరాచికాలు మాత్రం పిల్లలు చేతులతోనే చెప్పుకునేవారు. ఆరో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. పుట్టుకతోనే వినపడదు, లెక్కల్లో చురుకు. అయితే నేను కిటికీకి వీపు పెట్టి నిలబడి చెబితే నా వైపు చూసేవాడే కాదు. పక్కవాడు చెయ్యి ఊపి పిలిచినా తిరిగేవాడు కాదు. దీపాలు పెట్టే వేళకు హాస్టలు వరండాలో బకెట్లు తన్నుకుంటూ నడిచేవాడు. పిల్లలు ఒకరికొకరు సైగలతో పేర్లు పెట్టుకుంటారు కదా, వాడికి పెట్టిన పేరు ఏమిటంటే, రెండు పిడికిళ్లను ఎదురెదురుగా కొట్టడం.

వాడికి పరధ్యానం అనుకున్నాను. మంచి టీచరు చేసే పనే చేస్తున్నాననుకుని, తెచ్చి మొదటి బెంచీలో నా ఎదురుగా కూర్చోబెట్టాను. మార్కులు ఇంకా పడిపోయాయి. కోప్పడ్డాను. ఒకసారి బల్ల మీద స్కేలుతో గట్టిగా కొట్టాను, ఆ అదురు చేతికి తగిలితేనైనా చూస్తాడని. ఏడాదిన్నర గడిచాక హైదరాబాదులో కంటి డాక్టరు చెప్పారు, రెటినైటిస్ పిగ్మెంటోసా అని. రేచీకటితో మొదలై, చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వస్తుంది. పుట్టు చెవుడుతో కలిసి వచ్చినప్పుడు దాన్ని అషర్ సిండ్రోమ్ అంటారు. సొరంగంలోంచి చూస్తున్నవాడికి దగ్గరకు వచ్చేకొద్దీ తక్కువ కనిపిస్తుంది, దూరంగా ఉంటేనే ఎక్కువ కనిపిస్తుంది. నేను వాడిని ముందు బెంచీకి తెచ్చి, నా ముఖం కనిపిస్తే చెయ్యి కనిపించకుండా, చెయ్యి కనిపిస్తే ముఖం కనిపించకుండా చేశాను. మూడో బెంచీలో ఉంచి, వెలుతురు నా ముఖం మీద పడేటట్టు నేను నిలబడితే సరిపోయేది.

వాళ్లమ్మ బడిలో చేర్పించిన రోజే చెప్పింది, "వీడికి నడకే రెండేళ్లు నిండాక వచ్చిందమ్మా" అని. అషర్ మొదటి రకంలో లోపలి చెవిలో శరీరం తూకం నిలిపే భాగం కూడా దెబ్బతింటుంది, అందుకే పిల్లలు ఆలస్యంగా నడుస్తారు. ఆవిడ అసలు విషయం నా చేతిలో పెట్టింది. అందుకునే జ్ఞానం నాకు లేదు. నా శిక్షణలో చెవి నిర్మాణం మీద వారాల తరబడి పాఠాలు ఉన్నాయి, కంటి మీద ఒక్క గంట కూడా లేదు.

ఇప్పుడు మీ ఉత్తరంలో చివరి పేరా మళ్లీ చదవండి. ఐదో తరగతి అబ్బాయి. హోరుగా ఉన్న చోట పిలిస్తే పలకడు, పలికినా శబ్దం వచ్చిన వైపు కాకుండా మరో వైపు తిరుగుతాడు. మీరు దానికి మొండితనం అని పేరు పెట్టారు, నేను మా వాడికి పరధ్యానం అని పెట్టినట్టే. శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో రెండు చెవులూ సమంగా వింటేనే తెలుస్తుంది. ఒక చెవిలో కొంచెం తగ్గినా ఆ లెక్క తప్పుతుంది. చూపున్న పిల్లవాడు ఆ లోటును కళ్లతో పూడ్చుకుంటాడు. మీవాడు రేపు తెల్లకర్రతో రోడ్డు దాటవలసింది చెవుల భరోసాతోనే. కుడి నుంచి వచ్చే కారును ఎడమ నుంచి అనుకుంటే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. బడిలో పెట్టే స్క్రీనింగులో పోయినేడు పాసయ్యాడని వదిలేయకండి. ఆడియాలజిస్టు దగ్గర పూర్తి పరీక్ష చేయించమని వాళ్ల అమ్మానాన్నలకు చెప్పండి. అది నిజంగా మొండితనమే అని తేలితే సంతోషం.

వినికిడి రంగం వాళ్లతో కలిసి కూర్చుని ఏం నేర్చుకుంటారంటే, మొదటిది ఇదే. ఇద్దరు టీచర్ల మధ్య సందులో పడిపోయే పిల్లలను చూడటం.

ఈ సందు కొత్తది కాదు. అమెరికాలో 1964-65లో రుబెల్లా విజృంభించినప్పుడు, గర్భంలోనే ఆ వైరస్ సోకి సుమారు 20,000 మంది బిడ్డలు లోపాలతో పుట్టారు. వారిలో చాలామందికి వినికిడి తగ్గింది, కొందరికి చూపూ వినికిడీ రెండూ పోయాయి. అంధుల బడి 'వీరికి వినపడదు కదా' అంటుంది, బధిరుల బడి 'వీరికి కనపడదు కదా' అంటుంది. బధిరాంధ పిల్లల కోసం 1968లో ప్రాంతీయ కేంద్రాలు పెట్టే దాకా వచ్చింది వ్యవహారం. వికలాంగ పిల్లలందరికీ చదువు హక్కు అని చెప్పిన చట్టం వచ్చింది 1975లో. 1990లో పేరు మార్చుకున్న ఆ చట్టాన్నే మీరందరూ ఐడియా అని పిలుస్తున్నారు. ఈనాటికీ అమెరికా మొత్తంలో బధిరాంధత్వం ఉన్న పిల్లలు, యువకులు దాదాపు 10,000 మందే. అంత పెద్ద దేశంలో అంత తక్కువ మంది, అందులోనూ అత్యధికులకు ఇతర వైకల్యాలు కూడా. ఏ ఒక్క జిల్లాకూ, ఏ ఒక్క విశ్వవిద్యాలయానికీ వీరు 'మన పిల్లలు' అనిపించేంత సంఖ్యలో ఉండరు.

ఆ మాటకొస్తే మీ పద్నాలుగు మంది సంగతీ అంతే. చాలా విశ్వవిద్యాలయాల్లో దృష్టి లోపం టీచర్లను తయారుచేసే విభాగం అంటే ఒకరో ఇద్దరో అధ్యాపకులు. ఆ ఒకరు రిటైరైతే, ఆ చోటుకు డాక్టరేటు ఉన్న మనిషి దొరక్కపోతే, కోర్సు మూతపడుతుంది. కోర్సు మూతపడిన నాలుగేళ్లకు ఆ రాష్ట్రంలో ఏదో ఊళ్లో ఒక పాపకు బ్రెయిలీ చెప్పే టీచరు ఉండదు. పాల డబ్బా ఉంటుంది, దాని మీద చుక్కలు వేసేవాళ్లు ఉండరు. అందుకే మీ ప్రొఫెసరు ఫోను చేశారు.

ఆయన చెప్పిన తరహా ఉమ్మడి శిక్షణకు బాగా తెలిసిన ఉదాహరణ నేషనల్ లీడర్‌షిప్ కన్సార్షియం ఇన్ సెన్సరీ డిసబిలిటీస్. ఫెడరల్ విద్యాశాఖ నిధులతో 2009లో మొదలైంది. పెన్సిల్వేనియాలోని సాలస్ విశ్వవిద్యాలయం దాన్ని నడిపింది. ఆ విశ్వవిద్యాలయం 2024లో డ్రెక్సెల్‌లో విలీనమైంది. పద్ధతి ఏమిటంటే, ఎవరి పీహెచ్‌డీ వారు తమ తమ విశ్వవిద్యాలయాల్లోనే చేసుకుంటారు. దానికి తోడు మూడు రంగాల వాళ్లనూ ఒకచోట చేర్చి, ఉమ్మడిగా చదివించి, చర్చింపజేసి, ఒకరి పని ఒకరికి చూపిస్తారు. నాయకత్వం అన్న మాట చూసి బెదరకండి. ఇక్కడ దాని అర్థం టీచర్లను తయారుచేసే అధ్యాపకులు, పరిశోధకులు, రాష్ట్ర విద్యాశాఖల్లో ఈ విభాగాన్ని చూసే అధికారులు.

మూడు రంగాల వాళ్లూ కలిసిన ఇలాంటి ఒక సెమినార్లో ఒక పూట కూర్చునే అవకాశం నాకు దొరికింది. మాట్లాడే ప్రతివారూ ముందు తమ పేరు చెప్పాలి, లేకపోతే చూపులేని వాళ్లకు ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు. ఒకరి మాట పూర్తయ్యాక ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే సంజ్ఞా భాష దుబాసీ రెండు మాటలు వెనక ఉంటారు. తెర మీద బొమ్మ వేస్తే అదేమిటో నోటితో చెప్పాలి. మూల కుర్చీలో ఒక బధిరాంధ విద్యార్థిని. దుబాసీ చేతుల మీద తన చేతులు ఆనించి పాఠం వింటోంది. ఆవిడ వెనక ఇంకొకరు కూర్చుని, గదిలో ఎవరు నవ్వారో, ఎవరు తల అడ్డంగా ఊపారో ఆవిడ వీపు మీద వేళ్లతో గీసి చెబుతున్నారు. స్పర్శనే ఆధారం చేసుకున్న ఈ పద్ధతిని ప్రోటాక్టైల్ అంటారు, 2007 ప్రాంతంలో సియాటెల్‌లోని బధిరాంధులు తమకు తాముగా రూపొందించుకున్నది. మధ్యలో చూపులేని కుర్రాడొకడు చలోక్తి విసిరాడు. నవ్వు మూడు విడతలుగా వచ్చింది. ముందు మాట విన్నవాళ్లు నవ్వారు, తర్వాత సైగ చూసినవాళ్లు, ఆ తర్వాత ఆవిడ. అందరూ ఆవిడ నవ్వే దాకా ఆగి అప్పుడు పాఠంలోకి వెళ్లారు. ఆ ఆగడం చూశాక, నా పాత తరగతి గదిలో నేను ఎవరి కోసం ఆగలేదో గుర్తొచ్చి మరి కాసేపు నాకు ఏమీ తలకెక్కలేదు.

అక్కడ నేర్చుకునేది మర్యాదలు మాత్రమే అనుకోకండి. రెండు రంగాలకూ రెండు పాత గాయాలు ఉన్నాయి. 1880లో మిలాన్‌లో బధిరుల విద్య మీద జరిగిన సభ, సంజ్ఞా భాషను పక్కనపెట్టి నోటి మాటే నేర్పాలని తీర్మానించింది. ఓటు వేసినవాళ్లలో దాదాపు అందరూ వినగలిగినవాళ్లు. దాని నీడ దశాబ్దాల పాటు పిల్లల చేతుల మీద పడింది. మా ఆశ్రమ పాఠశాల నియమం కూడా ఆ నీడలోదే. 1988 మార్చిలో, వాషింగ్టన్‌లో బధిరుల కోసమే పెట్టిన గాలడెట్ విశ్వవిద్యాలయం విద్యార్థులు గేట్లు మూసి, మాకు బధిరుడే అధ్యక్షుడు కావాలని పట్టుబట్టి సాధించుకునే దాకా ఆ విశ్వవిద్యాలయానికి బధిర అధ్యక్షుడే లేడు. అది పెట్టి అప్పటికి 124 ఏళ్లు. చూపు రంగంలోనేమో ఏ చుక్కల లిపి వాడాలన్న గొడవ. న్యూయార్క్ పాయింట్ అనీ, అమెరికన్ బ్రెయిలీ అనీ, బ్రిటిష్ బ్రెయిలీ అనీ పెద్దలు వాదించుకుంటూ ఉంటే, పిల్లలు ఒక్కో పుస్తకానికి ఒక్కో లిపి నేర్చుకోవలసి వచ్చింది. చూపూ వినికిడీ లేకుండానే చదువుకుని రచయిత్రి అయిన హెలెన్ కెల్లర్‌కూ తప్పలేదు ఆ బాధ. 1932లో గాని ఇంగ్లిషు బ్రెయిలీకి ఒక ఉమ్మడి రూపం కుదరలేదు. రెండు గొడవల్లోనూ అసలు మనుషులను అడగకుండా పెద్దలు నిర్ణయించారు. మీ రంగం చరిత్ర మీకు తెలిసే ఉంటుంది. పక్క రంగం చరిత్ర కూడా వింటే, మనం ఈనాడు ఎవరిని అడగకుండా ఏం నిర్ణయిస్తున్నామో తెలుస్తుంది.

సైగ ఒక్కటి రాదన్నారు. 1887లో అలబామాలో ఆరేళ్ల హెలెన్‌కు చదువు చెప్పడానికి వెళ్లిన యాన్ సలివాన్ ఎవరో గుర్తు చేసుకోండి. కంటిజబ్బుతో చూపు దెబ్బతిన్న పిల్ల, పర్కిన్స్ అంధుల బడిలో చదువుకుంది. మరి హెలెన్ అరచేతిలో రాసినవి? బధిరుల వేలి అక్షరాలు. అదే బడిలో ఉండే బధిరాంధురాలు లారా బ్రిడ్జ్‌మన్‌తో మాట్లాడటానికి నేర్చుకున్నది. ఆ అక్షరాలు 26. రోజూ బళ్ల మధ్య కారు పార్కు చేసుకున్నాక ఐదు నిమిషాలు కేటాయిస్తే నెల పట్టదు మీకు.

ఇక పిల్లలను వదలడం గురించి. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. అనుభవమున్న టీచర్లను తీసుకుని, వాళ్ల అనుభవాన్ని గుమ్మం దగ్గరే విడిచి రమ్మని, సంబంధం లేని అంశం మీద సిద్ధాంత గ్రంథం రాయించే గైడులు ఉన్నారు. అలాంటి చోటికైతే వెళ్లకండి. మీ ప్రశ్న మీతోనే వెళ్లాలి. మీరు ఒక్కో బిడ్డ దగ్గర వారంలో ఎంతసేపు ఉంటారు? బడి నుంచి బడికి తిరిగే టీచరుకు మంచు పడని వారంలో రెండు మూడు సార్లు, ముప్పావు గంట చొప్పున చిక్కితే గొప్ప. చూపున్న పిల్లలు అదే చదువును రోజంతా, గోడ మీద అక్షరాల నుంచి బిస్కట్టు పొట్లం దాకా కళ్లతో తాగుతూ ఉంటారు. ఈ కాస్త సమయంలో బ్రెయిలీ ఎంత వస్తుంది, ఏ వయసులో ఎంత కావాలి, మధ్యలో ఇంట్లో ఏం జరగాలి? ఆ పాప పాల డబ్బా వాసన చూడటం ఉందే, అది పీహెచ్‌డీకి పనికొచ్చే సంగతి. చదివిన మాటను వస్తువుతో సరిచూసుకుంది. మాట ముందా వస్తువు ముందా అని మీలో ప్రశ్న పుట్టి ఉండాలి, లేకపోతే మీరు అది నాకు రాసేవారు కారు.

ఇంకొకటి. ఇంత తక్కువ మంది పిల్లలున్న రంగంలో వందల మందిని పోల్చే పరిశోధనలు కుదరవు. పిల్లలకు మొదటి నుంచే సంక్షిప్త బ్రెయిలీ (కొన్ని మాటలను, అక్షరాల గుంపులను కుదించి రాసేది) నేర్పాలా, అక్షరం అక్షరం విడివిడిగా నేర్పాలా అని తేల్చడానికి కొన్నేళ్ల పాటు జరిగిన ఏబీసీ బ్రెయిలీ అధ్యయనం కొన్ని పదుల మంది పిల్లలనే చూడగలిగింది. అదీ అమెరికా, కెనడాల్లో అనేక చోట్ల నుంచి, అనేక విశ్వవిద్యాలయాల వాళ్లు కూడగట్టి. తొలి నుంచీ సంక్షిప్తాలు ఎక్కువ నేర్చుకున్న పిల్లలు చదవడంలో ముందున్నారని దానివల్ల తెలిసింది. ఒక్కరు ఒక్కచోట కూర్చుని చేయగలిగేది కాదది. మరో దారి ఒకే బిడ్డను, లేదా ముగ్గురు నలుగురిని దగ్గరగా చూసే పద్ధతి. కొత్తది మొదలుపెట్టకముందు కొన్ని వారాలు లెక్క రాసుకుని, మొదలుపెట్టాక రాసుకుని, ఇద్దరు ముగ్గురు పిల్లల్లో వేర్వేరు సమయాల్లో మొదలుపెట్టి, మార్పు మన పని వల్లే వచ్చిందా అని తేల్చుకోవడం. తొమ్మిదేళ్లుగా మీ కారులో ఉన్న నోటు పుస్తకాల్లో సగం పని అలాగే జరిగి ఉంటుంది. అంటే నాలుగేళ్లూ మీరు పిల్లల మధ్యే ఉండవచ్చు. గైడుతో ఇది ముందే మాట్లాడుకోండి. వారానికి ఒక రోజైనా బడిలో ఉంటానని, అది లేకపోతే రానని చెప్పండి.

బాండు సంగతి. మీరు విన్నది నిజమే. ఫెడరల్ నిధులతో సాయం పొందిన ప్రతి విద్యా సంవత్సరానికి రెండేళ్లు ఈ రంగంలో పనిచేయాలి, నాలుగేళ్లకు ఎనిమిదేళ్లు. పూర్తి చేయని మేరకు సొమ్ము వడ్డీతో తిరిగి కట్టాలి. ఎనిమిదేళ్లూ ఏకబిగిన కానక్కర్లేదు, పైన మరో ఐదేళ్ల వెసులుబాటు ఉంటుంది. ఒకే యజమాని దగ్గర ఉండాలనీ లేదు. విశ్వవిద్యాలయంలో చెప్పినా, పరిశోధన చేసినా, రాష్ట్ర శాఖలో ఉన్నా, పని ఐడియా చట్టం కింద సేవలు పొందే పిల్లలకు సంబంధించినదైతే లెక్కకు వస్తుంది. మీరెలాగూ ఆ పనే చేస్తారు కాబట్టి నా దృష్టిలో అది సంకెల కాదు. ఈ సాయం అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి ఉద్దేశించినది. విద్యార్థి వీసా మీద ఉండి ఇది చదువుతున్నవారు విశ్వవిద్యాలయం సొంతంగా ఇచ్చే అసిస్టెంట్‌షిప్పుల గురించి అడగాలి.

నన్ను కలవరపెట్టేది బాండు కాదు, నిధులే. 2025 మార్చిలో ఫెడరల్ విద్యాశాఖ సిబ్బందిలో దాదాపు సగం మందిని తగ్గించారు. అలాంటి కాలంలో నాలుగేళ్ల మాటను నోటి మాటగా తీసుకోకూడదు. ఈ విడత నిధులు ఎంతవరకు మంజూరయ్యాయి, మధ్యలో ఆగితే విశ్వవిద్యాలయం ఏం చేస్తుంది, ఆరోగ్య బీమా ఎవరిది, ఇవన్నీ కాగితం మీద తీసుకున్నాకే మీ ఉద్యోగానికి రాజీనామా ఇవ్వండి. రాజీనామా కంటే ముందు జీతం లేని సెలవు దొరుకుతుందేమో కూడా మీ జిల్లాలో అడగండి. దృష్టి లోపం టీచర్లకు ఎంత కొరత ఉందో వాళ్లకూ తెలుసు. ప్రొఫెసరును కూడా మొహమాటం లేకుండా అడగవలసినవి ఉన్నాయి. మీ దగ్గర చేరినవారిలో ఎంతమంది పూర్తి చేశారు? మీరు ఎప్పుడు రిటైరవుతున్నారు? ఆయన నొచ్చుకుంటే, ఆయన దగ్గర చేరకండి.

మీవారి మౌనం గురించి నేను ఊహించి చెబుతున్నాను, తప్పైతే మన్నించండి. ఆయన అడగలేకపోతున్నది స్టైపెండ్ ఎంత అని కాదు, ఐదేళ్ల తర్వాత మనం ఏ ఊళ్లో ఉంటాం అని. అది న్యాయమైన ప్రశ్న. ఈ రంగంలో అధ్యాపక ఉద్యోగాలు దేశం మొత్తం మీద ఏటా చేతి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే పడతాయి, మీ ఊరి పక్కనే పడాలని లేదు. ఒక ఆదివారం పిల్లలను ఎక్కడికైనా పంపి, మ్యాపు ముందు పెట్టుకుని కూర్చోండి. ఎక్కడికి కదలగలరు, ఎక్కడికి కదలలేరు, ఆయన ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది, పెద్దబిడ్డ హైస్కూలు ఎప్పుడు. రాష్ట్ర శాఖ ఉద్యోగమైతే కదలనక్కర్లేదేమో కూడా చూడండి. 'నీ ఇష్టం' అన్న మాటను 'మన లెక్క' దాకా తీసుకురావలసింది మీరే, ఆయన తనంతట తాను తీసుకురారు. అత్తగారికి మాత్రం జవాబు చెప్పకండి. ఆ పాప పాల డబ్బా మూత తీసిన సంగతి చెప్పండి, నాకు రాసినట్టే. 'ఎవరి కోసం' అని అడిగారు కదా.

మనవైపు వచ్చి పనిచేయాలన్న కోరిక బాగుంది, కానీ ఆ ఎనిమిదేళ్లలో మకాం మార్చాలని లెక్క వేసుకోకండి. అక్కడ బాకీ ఉంటుంది. దూరం నుంచి చేయగలిగింది మాత్రం చాలా ఉంది. ఇక్కడ కూడా అదే సందు. రీహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం 1992లో వచ్చాక ప్రత్యేక టీచర్లకు గుర్తింపు, ప్రమాణాలు వచ్చాయి. బి.ఎడ్. మాత్రం వినికిడికి వేరు, చూపుకు వేరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తిస్తూ బహుళ వైకల్యాల కింద బధిరాంధత్వాన్నీ పేరు పెట్టి చేర్చింది. చట్టంలోకి వచ్చిన బిడ్డ తరగతి గదిలోకి రావాలంటే, రెండూ తెలిసిన టీచరు కావాలి, ఆ టీచరుకు చెప్పే టీచరు కావాలి.

తెలుగు బ్రెయిలీ సంగతే చూడండి. 'అమ్మ' అని అచ్చులో రాస్తే మ కింద మవత్తు వేలాడుతుంది. మన భాషలకు ఉమ్మడిగా ఉన్న భారతీ బ్రెయిలీలో కిందా పైనా ఉండదు, ఆరు చుక్కలు పట్టే గడులన్నీ వరుసే. అ గడి, ఆ తర్వాత ఒక్క నాలుగో చుక్క మాత్రమే ఉన్న పొల్లు గడి, తర్వాత మ, మళ్లీ మ. అంటే అచ్చులో చివర కనిపించే ఒత్తు సంగతి, వేలికి అక్షరం కన్నా ముందే తగులుతుంది. ఆ ఒంటరి చుక్కను జారవిడిచిన పిల్లవాడు 'అమమ' అని చదువుతాడు. వాడు తడబడేది ఎక్కడ, దాటేది ఎప్పుడు, ఇంగ్లిషు బ్రెయిలీ కూడా పక్కనే నేర్చుకుంటున్నవాడికి ఏమవుతుంది? విజయనగరం జిల్లా నుంచి వెళ్లి, రెండు బ్రెయిలీలూ వేళ్లతో చదవగలిగి, పరిశోధన పద్ధతి కూడా నేర్చుకున్న మనిషి ఈ ప్రశ్న పట్టుకుంటే, ఆ గ్రంథం మొదటి ప్రతి నాకు పంపాలి.

వెళ్లండి అమ్మా. కాగితాలు చేతికి వచ్చాక, మ్యాపు ముందు కూర్చున్నాక వెళ్లండి. దరఖాస్తులో 'నేను ఎందుకు' అని రాయమంటారు. అక్కడ పెద్ద మాటలేవీ వద్దు, మొదటి వాక్యంలో ఆ పాల డబ్బా పెట్టండి. ఈలోగా మీ జిల్లాలోనే ఉన్న బధిర పిల్లల టీచరును ఒక పూట తన తరగతిలో కూర్చోనివ్వమని అడగండి. బధిరాంధ పిల్లల కోసం ప్రతి రాష్ట్రానికీ ఫెడరల్ సాయంతో ఒక ప్రాజెక్టు ఉంటుంది, ఒహాయోకు కూడా. వాళ్లకు ఫోను చేసి, మీ ఐదో తరగతి అబ్బాయి గురించి పేరు చెప్పకుండా వివరించి, ఏ పరీక్షలు అడగాలో కనుక్కోండి. ఇదంతా అయ్యే దాకా వాడిని పిలిచేటప్పుడు ఎదురుగా వెళ్లి, భుజం మీద చిన్నగా తట్టి, మీ పేరు చెప్పి మాట్లాడండి. పరీక్షలో ఏమని వచ్చిందో నాకు రాయండి.